రిపోర్టులో మిర్-21 ఎక్కువని వస్తే కేన్సర్ ఉన్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మగారికి 61 ఏళ్లు. రక్తపోటుకు ఒక మాత్ర వేసుకోవడం తప్ప చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. ఈమధ్య ఒక ప్రైవేటు ల్యాబులో ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ చేయిస్తే, అందులో 'మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్యానెల్' అనే పరీక్ష కూడా కలిపి చేశారు. రిపోర్టులో 'మిర్-21: 3.4 రెట్లు, అధికం' అని ఎర్ర అక్షరాలతో ఉంది. దాని కింద 'కేన్సర్ ముప్పుతో సంబంధం ఉంది' అని రాశారు. ఇంటర్నెట్‌లో వెతికితే రొమ్ము, పెద్దపేగు, ఊపిరితిత్తులు, క్లోమం, ఏ కేన్సర్ గురించి చూసినా మిర్-21 పేరే వస్తోంది. అమ్మకు ఇంకా చెప్పలేదు. అసలు మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటి? అది పెరిగితే కేన్సర్ ఉన్నట్టేనా? దాన్ని తగ్గించే మందు ఏదైనా ఉందా? వంశపారంపర్యమైతే నేను, మా చెల్లెలు కూడా ఈ పరీక్ష చేయించుకోవాలా? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. రక్తంలో మిర్-21 పెరిగినంత మాత్రాన కేన్సర్ ఉన్నట్టు కాదు. ఉండే అవకాశం ఇంత శాతమని లెక్కగట్టడానికి కూడా ఆ ఒక్క అంకె చాలదు. అలాగని మీరు ఇంటర్నెట్‌లో చదివినవన్నీ అబద్ధాలని అనలేను. ఎన్నో రకాల కణితుల్లో మిర్-21 పెరుగుతుందన్నది గట్టి ప్రయోగాలతో తేలిన సంగతి. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం ఎలా అవుతాయో తెలియాలంటే, ఆ అణువు కణంలో చేసే పనేమిటో, అక్కడి నుంచి మీ చేతిలోని కాగితం మీదికి అది ఎలా ఎక్కిందో కాస్త ఓపికగా చూడాలి.

కాలేయంలోని కణానికీ మెదడులోని కణానికీ ఉన్న డీఎన్‌ఏ దాదాపు ఒకటే. ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు ఇరవై వేల దాకా రెండింటిలోనూ ఉన్నాయి. తేడా అంతా ఏ జన్యువు ఎప్పుడు, ఎంత మేరకు పనిచేయాలన్న అదుపులో ఉంది. జన్యువులోని సమాచారం మొదట మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా మారుతుంది, ఆ నకలును చదివి కణం ప్రోటీన్‌ను అల్లుతుంది. అదుపు ప్రధానంగా మొదటి మెట్టు దగ్గరే, అంటే నకలు తీయాలా వద్దా అన్నచోటే ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. నకలు తీసిన తరువాత కూడా దాని నోరు నొక్కగల వ్యవస్థ ఒకటి ఉందని బయటపెట్టింది మాత్రం ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు.

సీ. ఎలిగాన్స్ అనే ఆ పురుగులో లిన్-4 అనే జన్యువు దెబ్బతింటే అది ఎదగవలసిన క్రమంలో ఎదగదు, బాల్యదశలో చేయవలసిన పనులనే మళ్లీ మళ్లీ చేస్తూ ఉండిపోతుంది. లిన్-14 అనే మరో జన్యువు దెబ్బతింటే అందుకు సరిగ్గా విరుద్ధంగా, తొలిదశను ఎగరగొట్టి ముందుకు దూకుతుంది. విక్టర్ ఆంబ్రోస్ బృందం లిన్-4 ను పట్టుకొని పరిశీలించినప్పుడు అందులో ప్రోటీన్‌కు పనికివచ్చే సంకేతమేదీ కనిపించలేదు. దాని నుంచి తయారవుతున్నది కేవలం 22 అక్షరాల (ఆర్‌ఎన్‌ఏ పోగులో వరుసగా ఉండే రసాయన భాగాలనే అక్షరాలంటారు) ఆర్‌ఎన్‌ఏ ముక్క. మరోచోట గ్యారీ రువ్‌కున్ బృందం లిన్-14 మీద పనిచేస్తూ, దాని నకలు తోకభాగంలో ఏదో అదుపు దాగి ఉందని గుర్తించింది. రెండు బృందాలూ తమ తమ వరుసలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే, లిన్-4 ముక్క లిన్-14 తోకలో పలుచోట్ల జోడీగా అతుకుతోంది. ఈ రెండు పరిశోధనలూ 1993 డిసెంబరులో ఒకే పత్రిక ఒకే సంచికలో వెలువడ్డాయి. అప్పట్లో ఇదేదో పురుగులకే పరిమితమైన వింత అనుకొని చాలామంది పక్కన పెట్టేశారు. 2000లో రువ్‌కున్ బృందమే లెట్-7 అనే రెండో ముక్కను కనుగొని, అది మనిషి దాకా ఎన్నో జంతువుల్లో అక్షరం మారకుండా ఉందని చూపిన తరువాత గాని అందరి చూపూ ఇటు తిరగలేదు. ఇటువంటి చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలకు 'మైక్రో ఆర్‌ఎన్‌ఏ' అనే పేరు 2001లో స్థిరపడింది, 'మిర్' అన్నది దానికి పొట్టిపేరు. ఆంబ్రోస్, రువ్‌కున్‌లకు నోబెల్ బహుమతి 2024లో దక్కింది.

ఇక మీ రిపోర్టులోని మిర్-21 సంగతి. దాని జన్యువు 17వ క్రోమోజోము మీద ఉంది. ముందుగా కణకేంద్రకంలో పొడవాటి ఆర్‌ఎన్‌ఏ పోగు ఒకటి తయారై, తన మీద తానే మడతపడి జడపిన్నులా వంగుతుంది. డ్రోషా అనే ఎంజైము తోడు ప్రోటీన్‌తో కలిసి ఆ మడత ఉన్న భాగాన్ని మాత్రం కత్తిరించి వేరుచేస్తుంది. ఆ ముక్క కేంద్రకం దాటి బయటికి వచ్చాక, డైసర్ అనే మరో ఎంజైము దాని వంపును కోసేస్తుంది. మిగిలిన జంటపోగులో ఒకటి ఆర్గొనాట్ అనే ప్రోటీన్ ఒడిలో కుదురుకుంటుంది, రెండోది సాధారణంగా నాశనమవుతుంది. కుదురుకున్న పోగు మొత్తం ఇంతే: యూ-ఏ-జీ-సీ-యూ-యూ-ఏ-యూ-సీ-ఏ-జీ-ఏ-సీ-యూ-జీ-ఏ-యూ-జీ-యూ-యూ-జీ-ఏ. మూడు వందల కోట్ల అక్షరాల జన్యురాశిలో ఈ 22 అక్షరాలు ఏ మూలకు!

అందులోనూ లక్ష్యాన్ని వెతికే పని ప్రధానంగా రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు ఉన్న ఏడింటిదే: ఏ-జీ-సీ-యూ-యూ-ఏ-యూ. దీన్ని సీడ్, అంటే విత్తన భాగం అంటారు. ఆర్‌ఎన్‌ఏలో ఏ కు యూ జోడీ, జీ కి సీ జోడీ. పోగులు ఎదురెదురుగా అతుకుతాయి కాబట్టి వెనకనుంచి చదువుకోవాలి. ఏదైనా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోకలో ఏ-యూ-ఏ-ఏ-జీ-సీ-యూ అనే వరుస కనిపించిందా, మిర్-21 ను మోస్తున్న ఆర్గొనాట్ అక్కడ ఆగి పట్టుకునే అవకాశం ఉంటుంది. పట్టు దొరికితే ఆ నకలును చదవడం మందగిస్తుంది, క్రమంగా నకలే శిథిలమవుతుంది. ఏడక్షరాల వరుస అంటే ఎన్నోచోట్ల తారసపడేదే. అందువల్ల ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏకు వందల సంఖ్యలో లక్ష్యాలుంటాయి, ఒక్కో జన్యువు మీద పలు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పెత్తనం చేస్తుంటాయి. 2009లో వెలువడిన ఒక లెక్క ప్రకారం మనిషిలో ప్రోటీన్ జన్యువుల్లో 60 శాతానికి పైగా వీటి అదుపులోనే పరిణామం చెందాయి.

పెత్తనం అన్నాను గాని, అది చాలా మెత్తని పెత్తనం. 2008లో రెండు బృందాలు వేర్వేరుగా వేల ప్రోటీన్లను కొలిచి చూసినప్పుడు, ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ వల్ల చాలా ప్రోటీన్లు సగానికి కూడా తగ్గలేదని తేలింది. తగ్గుదల అంతకన్నా స్వల్పం. దీపాన్ని ఆర్పేయడం లాంటిది కాదిది, వత్తిని కొంచెం లోపలికి జరపడం లాంటిది. వందల దీపాల వత్తులను ఒకేసారి కొద్దికొద్దిగా జరిపితే ఇంట్లో వెలుగు మారుతుంది, నిజమే. కాని ఆ వెలుగును చూసి ఎవరు, ఏ గదిలో, ఎందుకు జరిపారో చెప్పడం కష్టం. మీ సమస్యంతా ఇక్కడే మొదలవుతోంది.

కణితిలో మిర్-21 చేసే పని బాగానే తెలుసు. కణం అదుపు తప్పి పెరగకుండా ఆపే పీటెన్, పీడీసీడీ4 వంటి ప్రోటీన్ల నకళ్లు దాని లక్ష్యాల్లో ఉన్నాయి. ఆపేవాటిని అది నొక్కి ఉంచితే కణం పెరుగుదలకు అడ్డు తగ్గుతుంది. 2010లో ఫ్రాంక్ స్లాక్ బృందం ఎలుకల్లో మిర్-21 ను కావాలనుకున్నప్పుడు పెంచి, వద్దనుకున్నప్పుడు ఆపగలిగే ఏర్పాటు చేసింది. పెంచినప్పుడు వాటికి లింఫోమా అనే తెల్లకణాల కేన్సర్ వచ్చింది, ఆపేయగానే రోజుల వ్యవధిలోనే కణితులు కరిగిపోయాయి. ఇంతకన్నా సూటిగా ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ దోషాన్ని నిరూపించిన ప్రయోగాలు అరుదు. ఇంటర్నెట్‌లో మీకు కనిపించిన శీర్షికలకు మూలం ఈ తరహా పనే.

అయితే మీరు వెతికినప్పుడు 'మిర్-21' పక్కన 'కేన్సర్' అని కూడా టైపు చేసి ఉంటారు. ఆ మాట తీసేసి 'గుండె' అనో, 'మూత్రపిండం' అనో, 'కీళ్లనొప్పులు' అనో పెట్టి చూడండి. అన్నిచోట్లా అదే మిర్-21 ప్రత్యక్షమవుతుంది. గుండె కండరంలో పీచు కణజాలం పేరుకుంటున్నప్పుడు పెరుగుతుంది, మూత్రపిండం దెబ్బతిన్నప్పుడు పెరుగుతుంది, వాపు ఉన్నచోట పెరుగుతుంది, చర్మం మీది గాయం మానుతున్నప్పుడూ పెరుగుతుంది. శరీరంలో విస్తారంగా, ఎన్నో రకాల కణాల్లో ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఇది. కణం ఏదో ఒక ఒత్తిడిలో ఉందని మాత్రమే ఇది చెబుతుంది. ఆ ఒత్తిడి ఏమిటో, ఎక్కడుందో చెప్పే శక్తి దానికి లేదు. నా అభిప్రాయం అడిగితే, ఒంటరిగా మిర్-21 ను కొలిచి ఆరోగ్యవంతుల చేతికి రిపోర్టు ఇవ్వడం సరైన పని కాదు.

'కేన్సర్ ఉన్నవారిలో మిర్-21 ఎక్కువ' అన్న వాక్యాన్ని తిరగేసి 'మిర్-21 ఎక్కువ ఉన్నవారికి కేన్సర్' అని చదువుకోవడం వల్ల ఎంత తేడా వస్తుందో ఒక ఊహాలెక్కతో చూపుతాను. ఇవి కేవలం ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. మీ అమ్మగారిలాగా పైకి ఏ బాధా లేని వెయ్యిమందిని తీసుకుందాం, వారిలో అయిదుగురికి బయటపడని కేన్సర్ ఉందనుకుందాం. పరీక్ష ఆ అయిదుగురిలో నలుగురిని పట్టుకుంటుంది, కేన్సర్ లేని 995 మందిలో అయిదో వంతుకు పొరపాటున 'అధికం' అని చూపిస్తుంది అనుకుందాం. అంటే దాదాపు 199 మంది. మొత్తం 203 మంది చేతుల్లో ఎర్ర అక్షరాల రిపోర్టు ఉంటే, వారిలో నిజంగా జబ్బున్నవారు నలుగురు. మిగిలిన 199 ఇళ్లలోనూ మీ ఇంట్లోలాగే ఎవరో ఒకరు రాత్రంతా ఇంటర్నెట్ ముందు కూర్చుంటారు.

ఇప్పుడు ఆ 3.4 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు నిలకడగా ఉంటాయని 2008లో తేలినప్పుడు ఈ రంగంలో పెద్ద ఉత్సాహమే వచ్చింది. మామూలు ఆర్‌ఎన్‌ఏ రక్తంలో నిమిషాల్లో ముక్కలైపోతుంది. ఇవి మాత్రం ఆర్గొనాట్ వంటి ప్రోటీన్ల చాటునో, సన్నని కొవ్వు పొరల సంచుల్లోనో దాగి ఉండి చెక్కుచెదరవు. చిటికెడు రక్తంతో ఏ అవయవంలో ఏ జబ్బు ఉందో చెప్పేయవచ్చని ఆశపడ్డారు. అప్పట్లో ప్రయోగశాలలో కొన్నేళ్లపాటు ఈ కొలతలే తీసిన వాడిని కాబట్టి, ఆ ఆశ ఎక్కడ తడబడిందో దగ్గర నుంచి చూశాను. ప్లాస్మాలో, అంటే రక్తకణాలు తీసేయగా మిగిలే ద్రవంలో తేలే మైక్రో ఆర్‌ఎన్‌ఏలో అధికభాగం ఏ కణితి నుంచో రాదు, రక్తకణాల నుంచే వస్తుంది. సూది గుచ్చినప్పుడు రక్తం సరిగా రాక లాగవలసి వచ్చినా, గొట్టాన్ని గట్టిగా కుదిపినా, రక్తకణాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టడానికి గంటల తరబడి ఆలస్యం చేసినా ఎర్రకణాలు పగిలి వాటిలోని సరుకంతా ప్లాస్మాలో కలుస్తుంది. మంచి ప్లాస్మా లేత గడ్డిరంగులో ఉంటుంది, ఎర్రకణాలు పగిలితే లేత గులాబీ జాడ కనిపిస్తుంది. కంటికి గులాబీ రంగు కనిపించకముందే కొలతలు తప్పడం మొదలవుతుంది. అందుకే జాగ్రత్త గల ప్రయోగశాలలు ఎర్రకణాల్లో పుష్కలంగా ఉండే మిర్-451 ను, ఎర్రకణాలతో పెద్దగా సంబంధం లేని మిర్-23ఏ తో పోల్చి చూసి, తేడా హద్దు మీరితే ఆ నమూనానే పక్కన పెడతాయి. ప్లేట్‌లెట్లు సరిగా వేరుకాకపోయినా అంకెలు మారిపోతాయి.

పైగా ఈ కొలత పీసీఆర్ పద్ధతిలో జరుగుతుంది. అందులో ప్రతి చక్రానికీ అణువుల సంఖ్య రెట్టింపవుతుంది, ఎన్నో చక్రంలో సంకేతం కనిపించిందన్న దాన్ని బట్టి మొదట ఎంత ఉందో వెనక్కి లెక్కకడతారు. 3.4 రెట్లు అంటే రెండు చక్రాలకన్నా తక్కువ తేడా. ఆర్‌ఎన్‌ఏను విడదీసేటప్పుడు ఒక నమూనాలో కాస్త ఎక్కువ, ఇంకోదానిలో కాస్త తక్కువ చేతికి వస్తేనే ఆ మాత్రం తేడా వచ్చేస్తుంది. దాన్ని సరిదిద్దడానికి మారకుండా ఉండే మరో అణువుతో పోల్చాలి. అయితే అందరూ ఒప్పుకొన్న అటువంటి కొలబద్ద రక్తం విషయంలో ఇంతవరకు లేదు. చక్కెర పరీక్షలో అంకె ఏ ల్యాబులోనైనా ఒకే ప్రమాణంలో ఉంటుంది. '3.4 రెట్లు' అన్నది మాత్రం దేనికి 3.4 రెట్లో చెప్పకపోతే అర్థం లేని మాట.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ రక్తపరీక్షలన్నీ పనికిరానివే అనుకోవద్దు. వృషణాల్లో వచ్చే జెర్మ్ సెల్ కణితుల విషయంలో మిర్-371ఏ-3పీ అనే అణువు రక్తంలో కొలిస్తే చాలా మంచి ఫలితాలు వచ్చాయి, టెరటోమా అనే ఒక్క రకాన్ని మాత్రం అది పట్టుకోలేదు. అక్కడ అది ఎందుకు పనిచేస్తోందో గమనించండి. ఆ అణువు పిండదశ కణాలకు సంబంధించినది, ఆరోగ్యవంతులైన పెద్దవారి రక్తంలో దాదాపు కనిపించదు. లేనిచోట కనిపించడం ఒక సాక్ష్యం. ఎప్పుడూ, అందరిలోనూ ఉండే మిర్-21 కొంచెం పెరగడం అటువంటి సాక్ష్యం కాదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏకూ మనిషి జబ్బుకూ ఉన్న బంధం తిరుగులేకుండా రుజువైన చోటు మరొకటి ఉంది. మీరు అడగకపోయినా అది చెప్పకుండా ఉండలేను. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్తకేన్సర్ ఉన్నవారిలో సగానికి పైగా మందికి 13వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క ఊడిపోయి ఉంటుంది. అక్కడ కణాన్ని కాపాడే జన్యువేదో ఉండి ఉంటుందని ఏళ్ల తరబడి గాలించినా, దోషం మోపదగిన ప్రోటీన్ జన్యువు దొరకలేదు. 2002లో జార్జ్ కాలిన్, కార్లో క్రోచే బృందం ఆ ఖాళీలో ఉన్నవి మిర్-15ఏ, మిర్-16-1 అనే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలని చూపింది. కేన్సర్‌కూ మైక్రో ఆర్‌ఎన్‌ఏకూ ముడిపెట్టిన తొలి ఆధారం అదే. ఆ రెండూ బీసీఎల్2 అనే ప్రోటీన్‌ను అణచి ఉంచుతాయి, బీసీఎల్2 పని కణాన్ని చావనివ్వకుండా నిలబెట్టడం. అణచేవి పోతే చావవలసిన తెల్లకణాలు చావక పేరుకుంటాయి. ఆ బీసీఎల్2 నే నేరుగా అడ్డుకునే వెనెటోక్లాక్స్ అనే మాత్ర 2016 నుంచి ఈ జబ్బుకు వాడుకలో ఉంది. పోయిన మైక్రో ఆర్‌ఎన్‌ఏను తిరిగి పెట్టకుండానే, అది చేయవలసిన పనిని ఒక మామూలు రసాయనం చేస్తోందన్నమాట. ఇంకో సంగతి, 13వ క్రోమోజోము లోపం ఒక్కటే ఉన్న రోగులు మిగతా రకాల జన్యులోపాలు ఉన్నవారికన్నా మెరుగ్గా ఉంటారు. కాబట్టి 'మైక్రో ఆర్‌ఎన్‌ఏ దెబ్బతింది' అన్న మాట నిజమైనప్పుడు కూడా అది తప్పనిసరిగా చెడు కబురు కాదు. ఇది కూడా కేన్సర్ కణాల క్రోమోజోమును చూసి చెప్పే సంగతే తప్ప, ప్లాస్మాలో తేలే రెట్లను చూసి చెప్పేది కాదు.

వంశపారంపర్యం విషయానికి వస్తే, మైక్రో ఆర్‌ఎన్‌ఏల లోపం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే జబ్బులు ఉన్నాయి గాని చాలా అరుదు. మిర్-96 విత్తన భాగంలో ఒక్క అక్షరం మారితే క్రమంగా వినికిడి తగ్గిపోతుందని 2009లో కొన్ని కుటుంబాల్లో తేలింది. మిర్-184 లో మార్పు వల్ల కంటి నల్లగుడ్డు మీది పొర, కటకం దెబ్బతింటాయి. ఇందాక చెప్పిన డైసర్ ఎంజైము జన్యువులోనే లోపం ఉన్న కుటుంబాల్లో పిల్లలకు ఊపిరితిత్తుల్లో ఒక అరుదైన కణితి రావచ్చు. వీటన్నిటిలోనూ దెబ్బతిన్నది జన్యువు అక్షరమే, అందుకే అది సంక్రమిస్తుంది. మీ అమ్మగారి రిపోర్టులో ఉన్నది ఒక రోజు, ఒక గంటలో తీసిన నమూనాలో ఒక అణువు మోతాదు మాత్రమే. అది సంక్రమించదు. మీరిద్దరూ ఆ పరీక్ష చేయించుకోవలసిన పని లేదు. కుటుంబంలో దగ్గరి బంధువులు ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులో రొమ్ము, అండాశయ లేదా పెద్దపేగు కేన్సర్ వచ్చి ఉంటే మాత్రం అది వేరే సంగతి, దానికి వేరే జన్యుపరీక్షలు ఉన్నాయి. జన్యు సలహాదారుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

మందు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు: మైక్రో ఆర్‌ఎన్‌ఏను పెంచేదిగాని, తగ్గించేదిగాని అనుమతి పొందిన మందు ఇప్పటివరకు ఒక్కటీ లేదు. ప్రయత్నాలు జరగకపోలేదు. హెపటైటిస్ సీ వైరస్ మన కాలేయంలోని మిర్-122 ను తన బతుకుకు ఆధారం చేసుకుంటుందని 2005లో తెలిసింది. ఆ మిర్-122 ను కట్టిపడేసే మిరావిర్సెన్ అనే మందును 36 మంది రోగుల మీద పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. అయిదు వారాల ఇంజెక్షన్లతో వైరస్ బాగా తగ్గింది, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో నలుగురికి ఒక దశలో అసలు కనిపించకుండా పోయింది. ఈలోగా వైరస్‌ను నేరుగా దెబ్బకొట్టే మాత్రలు రావడంతో ఆ మందుకు అవసరం లేకుండా పోయింది. కణితులను అణచే మిర్-34ఏ కు నకలుగా తయారుచేసిన మందు పరీక్షలో రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురుతిరిగి కొందరు రోగులు చనిపోవడంతో 2016లో ఆపేశారు. మిర్-21 నే అడ్డుకునే లాడెమిర్సెన్ అనే మందును ఒక వంశపారంపర్య మూత్రపిండ వ్యాధిలో పరీక్షించారు, ప్రయోజనం కనిపించక అదీ ఆగింది. వందల లక్ష్యాలున్న అణువును కదిలిస్తే ఏ తీగ ఎక్కడ కదులుతుందో ముందే చెప్పలేకపోవడమే ఈ కష్టాలకు మూలమని నేననుకుంటాను. గాజుపాత్రలోని కణాల మీద పోసినప్పుడు మిర్-21 ను తగ్గించిన పదార్థాలు డజన్లకొద్దీ ఉన్నాయి. ఆ మాట పట్టుకొని పొడులో, గుళికలో ఎవరైనా అమ్మజూపితే డబ్బు పోగొట్టుకోకండి. రక్తపోటు మాత్రతో పాటు తెలియని గుళిక మింగడం వల్ల వచ్చే నష్టం మిర్-21 వల్ల వచ్చే నష్టంకన్నా నిజమైనది.

ఇక చేయవలసింది చెబుతాను. రిపోర్టును మీ అమ్మగారి రక్తపోటు చూసే డాక్టరుకే చూపించండి, కేన్సర్ ఆసుపత్రికి పరుగెత్తవలసిన అవసరం లేదు. చూపించేటప్పుడు 'మిర్-21 పెరిగింది' అని మొదలుపెట్టకుండా, ఈ ఏడాదిలో అమ్మగారి ఆరోగ్యంలో వచ్చిన మార్పులేమిటో చెప్పండి. కారణం లేకుండా బరువు తగ్గడం, ఎక్కడైనా గడ్డ తగలడం, మలంలో రక్తం, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం, వారాల తరబడి తగ్గని దగ్గు, ఇటువంటివి ఒక్కటి ఉన్నా మిర్-21 ఎంతున్నా సరే పరీక్షలు అవసరమే. ఏవీ లేకపోతే, 61 ఏళ్ల స్త్రీకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, పెద్దపేగుల విషయంలో మామూలుగా సూచించే పరీక్షలు వేళకు జరిగాయో లేదో అడగండి. వాటిని దశాబ్దాల పాటు లక్షలాది మందిలో పరీక్షించి చూశారు, వాటి లాభం, లోటుపాట్లు రెండూ తెలుసు. ఈ అంకె ఆధారంగా ఒళ్లంతా స్కానింగులు చేయించడం మొదలుపెడితే, ఎవరి ఒంట్లోనైనా ఉండే నిరపాయకరమైన చిన్న బుడిపెలు బయటపడి, వాటి వెంట బయాప్సీలు, వాటి వెంట మరో భయం వరుసకడతాయి.

ల్యాబు వారిని అడగదలచుకుంటే మూడు మాటలు అడగండి: 3.4 రెట్లు అంటే ఎవరితో, దేనితో పోల్చి. నమూనాలో ఎర్రకణాలు పగలలేదని ఎలా నిర్ధారించారు. ఏ లక్షణాలూ లేని మనుషుల్లో ఈ పరీక్ష ఎంతమందికి సరిగా చెప్పిందన్న లెక్క వారి దగ్గర ఉందా. సూటిగా జవాబు రాకపోతే మళ్లీ డబ్బు కట్టి అదే పరీక్ష చేయించకండి. రెండోసారి 1.8 వచ్చినా, 5 వచ్చినా అది మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు.

అమ్మగారికి చెప్పాలా వద్దా అని మీరు నేరుగా అడగలేదు గాని, 'ఇంకా చెప్పలేదు' అన్న మాటలో ఆ ప్రశ్న కూడా ఉంది. చెప్పండి. పరీక్ష ఆవిడది, రిపోర్టు ఆవిడది. మీ ముఖంలో మార్పు ఆవిడ ఇప్పటికే గమనించి ఉంటారు, కారణం తెలియకపోతే ఇంతకన్నా పెద్దదే ఊహించుకుంటారు. "ప్యాకేజీలో అవసరం లేని పరీక్ష ఒకటి కలిపారు, అందులో వచ్చిన అంకెకు పెద్ద అర్థం లేదు, వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చూపిద్దాం" అంటే సరిపోతుంది. మీకూ ఆ మాట పైకి అనడం వల్ల కొంత మేలు జరుగుతుంది.